రెండు పెన్సిల్ చుక్కలు

మా అక్క కళ్ళు బాగానే ఉన్నాయి. నాలుగేళ్ళపాటు ఈ సంగతి ఖాయంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కంటి డాక్టరు కూడా అదే చెప్పాడు గానీ అక్క ఆయన్ని నమ్మలేదు. నేను చెబితే నమ్మేది. నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో తెలియాలంటే ముందు మా పని సంగతి కొంచెం తెలియాలి. విసుక్కోకుండా వినండి, ఎక్కువసేపు పట్టదు.

మేమిద్దరం బొమ్మల సినిమాలు తీసే స్టూడియోలో పనిచేసేవాళ్ళం. ఆ రోజుల్లో కాగితం మీద పెన్సిలుతో గీసిన ప్రతి బొమ్మనీ అవతలివైపు కనిపించే పల్చటి ప్లాస్టిక్ రేకు మీదికి ఇంకుతో ఎక్కించేవాళ్ళు. ఆ రేకుని సెల్ అంటాం. ఇంకు ఆరాక సెల్‌ని బోర్లా తిప్పి, వెనకవైపు రంగు వేయాలి. బొమ్మలో పిల్ల నవ్వడానికి ఎనిమిది సెల్స్, నవ్వి తల తిప్పడానికి ఇరవై. ఇలా వేలకి వేలు. రంగులు వేసే గది రెండో అంతస్తులో ఉండేది. పొడుగాటి బల్లలు, వాటి మీద నంబర్లు రాసిన గాజు సీసాలు, గోడల నిండా సెల్స్ ఆరబెట్టే అరలు. దుమ్ము లేస్తుందని ఫ్యాను వేయనిచ్చేవాళ్ళు కాదు. పదకొండు మంది ఆడవాళ్ళు చేతులకి నూలు తొడుగులు వేసుకుని, వాటికి రెండు వేళ్ళ దగ్గర మాత్రం కత్తిరించుకుని, చెమటలు కక్కుకుంటూ పనిచేసేవాళ్ళు. వాళ్ళకి పెద్ద మా అక్క.

అక్క పని రంగులు కలపడం. స్టూడియోలో అందరూ ఆవిడని రంగులక్క అనేవాళ్ళు, ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్‌తో సహా. ఒక రంగు సీసా అయిపోయి మళ్ళీ కలపాల్సి వస్తే, పాత సెల్ పక్కన కొత్త రంగు బొట్టు పెట్టి, కాస్త తల వంచి చూసి, "ఇంకొంచెం పసుపు తాగుతుంది" అనేది. కెమెరా ముందుకు వెళ్ళాక ఏది పాత సీసాదో ఏది కొత్తదో దేవుడొచ్చినా చెప్పలేడు. "నీకా చూపు ఎలా వచ్చిందక్కా?" అని అడిగితే, "మీ బావ వేసుకునే చొక్కాలు చూసీ చూసీ వచ్చింది" అనేది. మా బావ దర్జీ. అందరికీ బంగారంలాంటి చొక్కాలు కుట్టి, మిగిలిన ముక్కలన్నీ కలిపి తనకి కుట్టుకునేవాడు.

నన్ను స్టూడియోలో చేర్పించింది కూడా అక్కే. డిగ్రీ రెండుసార్లు తప్పి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి యజమాని ముందు నిలబెట్టింది. ఆయన్ని మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. "వీడు మా తమ్ముడండీ. చదువు రాదు గానీ అబద్ధమూ రాదు" అంది. పెద్దాయన నవ్వి, చెకర్ పని ఇచ్చాడు.

చెకర్ అంటే సెల్స్ కెమెరా కిందికి వెళ్ళేముందు సరిచూసేవాడు. ఒక్కో సీనులో నాలుగైదు సెల్స్ ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. ఇక్కడే ఒక చిక్కుంది. సెల్ నీళ్ళలా కనిపిస్తుంది గానీ దానికీ కాస్త మందం, కాస్త పసుపు ఉంటాయి. రెండు సెల్స్ కింద పడిన రంగు, పైనున్న అదే రంగుకంటే ఒక పిసరు మురికిగా కనబడుతుంది. అందుకని అడుగున ఉండేదానికి ముందే తేటగా కలిపిన రంగు వేయాలి. పిల్ల ఒంటిరంగు నలభై రెండో నంబరు అనుకోండి. అన్నిటికంటే పైనున్న సెల్‌కి ఉత్త నలభై రెండు. ఒక సెల్ కింద ఉంటే నలభై రెండు పక్కన ఒక చుక్క. రెండు సెల్స్ కింద ఉంటే రెండు చుక్కలు. ఏ సెల్ ఎక్కడ కూర్చుంటుందో చూసుకుని షీటులో నంబర్లూ చుక్కలూ రాయడం నా పని. షీటులో ఏముంటే అది కలిపి వేయడం రంగుల గది పని. సీసాలు పక్కపక్కన పెట్టినా మామూలు మనిషికి ఆ తేడా తెలియదు. తెర మీద మాత్రం చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది.

అలాంటి రోజుల్లో కంప్యూటరు వచ్చింది. మనుషులకి ఫ్యాను లేని భవనంలో దానికి ఏసీ పెట్టారు. నన్ను ఆరు వారాల శిక్షణకి పంపించారు. పెన్సిలు బొమ్మని స్కానరు మీద పెడితే తెర మీదికి వచ్చేస్తుంది. గీత లోపల ఒక్క నొక్కు నొక్కితే రంగు నిండిపోతుంది. ఇంకు లేదు, ఆరబెట్టడం లేదు, వేలిముద్ర పడుతుందన్న భయం లేదు. గీత ఎక్కడైనా కాస్త తెగి ఉంటే మాత్రం రంగు ఆ సందులోంచి కారిపోతుంది. మొదటిరోజు నా చేతిలో పిల్ల బుగ్గ రంగు కారి ఆకాశమంతా బుగ్గైపోయింది. ఆ గీతలు అతకడం నేర్చుకున్నాక ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. కంప్యూటరులో సెల్ లేదు కాబట్టి సెల్ మందమూ లేదు. పది వరసలు పేర్చినా అడుగు రంగు మారదు. చుక్కల గొడవే ఉండదు. నలభై రెండంటే నలభై రెండే.

అక్క ఒకరోజు కిందికి వచ్చి, నా వెనక నిలబడి చాలాసేపు చూసింది.

"బాగుందిరా. చేతులకి అంటదు కూడా" అంది. "మరి ఎండలోకి పట్టుకెళ్ళి చూడాలంటే ఎలా?"

"ఎండలో చూసే పనేముందక్కా? తెర మీద ఎలా ఉంటే అలాగే వస్తుంది."

"ఏమో, నాకు ఎండలో చూడందే నమ్మకం కుదరదు" అని నా నెత్తి మీద చిన్నగా మొట్టి వెళ్ళిపోయింది.

తర్వాత నెలకి పెద్దాయన ఒక పందెం పెట్టాడు. ఒకే సీను, నలభై సెకన్లు. అమ్మమ్మా మనవరాలూ పడవలో ఏరు దాటుతుంటారు. మనవరాలు చెయ్యి చాచి నీళ్ళు తాకుతుంది. ఆ సీనుకి రంగుల గది చేత్తో రంగులు వేస్తుంది, నేను కంప్యూటరులో వేస్తాను. సినిమాలు కొనేవాళ్ళు వచ్చి రెండూ చూస్తారు. చేతిపని బాగుందంటే రాబోయే సినిమా కూడా రంగుల గదిదే. లేదంటే గది మూసేస్తారు. పదకొండు మంది బతుకుతెరువు ఆ నలభై సెకన్ల మీద పడింది. అక్క ఆ పిల్ల బొమ్మని ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే వేస్తానంది. మూడు వారాలు మెడ ఎత్తకుండా వేసింది.

రెండు పక్షాలకీ షీటు రాసింది నేనే. స్టూడియోకి చెకర్‌ని నేనొక్కణ్ణే మరి.

తెర మీద చూపించే రోజు పొద్దున్న, రంగుల గది నుంచి తిరిగొచ్చిన షీటుని ఫైల్లో పెడదామని తీశాను. పిల్ల చెయ్యి, అన్నిటికంటే పైన, నలభై రెండు. పిల్ల ఒళ్ళు, రెండు సెల్స్ కింద, నలభై రెండు. పక్కన చుక్కలు లేవు.

ఆరు వారాలు కంప్యూటరు ముందు కూర్చుని చుక్కలు పెట్టడం మరిచిపోయాను. ఇంకెవరూ చేయలేని తప్పు అది. కంప్యూటరు మాత్రమే తెలిసినవాడికి చుక్కల సంగతే తెలియదు, చేతిపని మాత్రమే తెలిసినవాడు చుక్కలు మరిచిపోడు. రెంటికీ మధ్యలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ షీటుతోనే సరిచూసి సెల్స్‌ని నేనే కెమెరా కిందికి పంపించాను, ఫిల్మ్ కడిగి తెచ్చేశారు, రీలు పెద్దాయన బల్ల మీద ఉంది. పిల్ల చెయ్యి ఒక రంగులో, ఒళ్ళు ఇంకో రంగులో పడి ఉంటాయని చూడకుండానే తెలిసిపోయింది.

అప్పుడే మేడ మీదికి వెళ్ళి పెద్దాయనతో "తప్పు నాదండీ, ఒక్క వారం ఆగండి, మళ్ళీ వేస్తారు" అని చెప్పాల్సింది. ఆయన తిట్టేవాడు. తిట్టి, ఆగేవాడు కూడా. కానీ షీటే సరిగ్గా రాయలేనివాడికి కంప్యూటరు గది ఎవడు అప్పజెబుతాడని భయం వేసింది. భయం ఒక్కటే అని కూడా అనలేను. నా నలభై సెకన్లు గెలవాలని నాకు ఉంది. చాలా ఉంది. భయం ముందొచ్చిందో ఆశ ముందొచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

జేబులోంచి పెన్సిలు తీసి, నలభై రెండు పక్కన రెండు చుక్కలు పెట్టాను. నేను చేసింది అంతే. దానికి ఒక సెకను కూడా పట్టలేదు.

హాల్లో ముందు వరసలో కొనేవాళ్ళు కూర్చున్నారు. వెనక వరసల్లో రంగుల గది వాళ్ళంతా కూర్చున్నారు, ఆ రోజు తలలు శుభ్రంగా దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. ముందు కంప్యూటరుది వేశారు. బాగానే ఉందన్నట్టు తలలూపారు. తర్వాత చేతిది వేశారు. ఏరు, పడవ, అమ్మమ్మ ముడతలు, అన్నీ ప్రాణం పోసుకుని ఉన్నాయి. ముందు వరసలో ఒకాయన "అబ్బ" అన్నాడు. అప్పుడు పిల్ల చెయ్యి చాచింది. ఆ చెయ్యి తెల్లగా, ఆ ఒళ్ళు మురికిగా.

"ఎవరి చెయ్యో తెచ్చి అతికించినట్టుందే" అన్నాడు అదే మనిషి. హాలంతా నవ్వారు.

దీపాలు వెలిగాక పెద్దాయన ముఖం చూడలేకపోయాం. "షీటు ఏదీ?" అన్నాడు. నేను తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టాను. ఆయన చేతిలో కాదు, అక్క చేతిలో. అలా ఎందుకు చేశానో తెలియదు. అక్క షీటుని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. నావైపు ఒకసారి చూసింది. మళ్ళీ షీటు చూసింది.

"రెండు చుక్కలున్నాయండీ" అంది. "నేను ఉత్త నలభై రెండు వేశాను. నా కంటికి చుక్కలు ఆనలేదు. తప్పు నాదే."

పెద్దాయన గొంతు లేచింది. ఇరవై ఏళ్ళ అనుభవం అన్నాడు, పదకొండు మంది పొట్ట కొట్టావు అన్నాడు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? అడ్డం వెళ్ళాను. "పోనీలెండి సార్, పొరపాటు ఎవరికైనా వస్తుంది" అన్నాను. అక్క నావైపు తిరిగి, కళ్ళనిండా నీళ్ళతో, బతికించావురా అన్నట్టు చూసింది. ఆ చూపు తల్చుకుంటే ఇప్పటికీ కూర్చున్న చోట కూర్చోలేను.

మూడు నెలల్లో రంగుల గది ఖాళీ అయింది. నేను కంప్యూటరు గదికి పెద్దనయ్యాను.

నన్ను నేను ఓదార్చుకోవడానికి ఒక మాట దొరికింది. ఆ సీను గెలిచినా ఇంకో ఏడాదికో రెండేళ్ళకో ఆ గది మూతపడేదే. అన్ని స్టూడియోల్లోనూ మూసేశారు. అది నిజమే. కానీ అన్ని స్టూడియోల్లోనూ ఒక మనిషిని పట్టుకుని నీ కళ్ళు పోయాయని నమ్మించలేదు కదా.

అక్క నమ్మేసింది. పూర్తిగా నమ్మేసింది. బావ కొట్లో కూర్చుని కాజాలు కుట్టేది గానీ, బట్టకి సరిపడే దారం తియ్యమంటే తీసేది కాదు. "నన్నడక్కండి, నాకు తెలియదు" అనేది. కొట్టుకి వచ్చినవాళ్ళని "ఇది నీలమా ఆకుపచ్చా చెప్పమ్మా" అని అడిగేది. అది నీలమని ఆవిడకి తెలుసు. తెలిసినా అడిగేది. బావ బతిమాలి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అంతా బాగుందన్నాడాయన. "ఆయనకి అక్షరాలు తెలుసు, రంగులేం తెలుసు" అని కొట్టిపారేసింది అక్క. "మీ అక్కకి కళ్ళు కనబడ్డం మానేశాక నేను చాలా అందగాణ్ణయ్యాను బామ్మర్దీ" అని బావ హాస్యమాడేవాడు. అక్క కూడా నవ్వేది. నేను ఇంకేదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేవాణ్ణి. రానురాను వెళ్ళడమే తగ్గించాను.

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. అప్పుడు మాకొక కొత్త దర్శకురాలు వచ్చింది. మాట నెమ్మది, పని దగ్గర మాత్రం రాక్షసి. నేను చేయించిన సీన్లు చూసి, "రంగులన్నీ సరిగ్గానే ఉన్నాయండీ, కానీ ఈ పిల్లకి జ్వరం వచ్చినట్టుంది" అంది. మార్చాం. "ఇప్పుడు జ్వరం తగ్గింది, ప్రాణం కూడా పోయింది" అంది. మా కంప్యూటరులో కోటి అరవై లక్షల రంగులున్నాయని శిక్షణలో గొప్పగా చెప్పారు. వాటిలో ఒక్క పిల్ల బుగ్గకి సరిపోయే రంగు నెల రోజులు వెతికినా మాకు దొరకలేదు. ఆమె పాత రీళ్ళు తెప్పించుకుని చూసి, "వీటికి రంగులు కలిపిందెవరు?" అని అడిగింది. మా అక్క అని చెప్పాను.

"ఆవిడని తీసుకురండి. ఆవిడ వస్తే సినిమా ఇక్కడ చేస్తాను. లేకపోతే ఇంకో చోటు చూసుకుంటాను."

కాబట్టి నేను అక్క దగ్గరికి వెళ్ళింది నా అవసరం కోసం. అది దాచి చెబితే ఈ కథ చెప్పి ప్రయోజనం లేదు. నా మనస్సాక్షి నాలుగేళ్ళు హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయింది, ఉద్యోగం కదిలేసరికి లేచి కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. వాళ్ళింటి ముందుగదే కొట్టు. బావ మిషను తొక్కుతున్నాడు. అక్క కింద కూర్చుని ఒక కోటుకి గుండీలు కుడుతోంది.

"ఏం బామ్మర్దీ, దారి తప్పావా?" అన్నాడు బావ.

సంగతి చెప్పాను. అక్క గుండీ కుట్టడం ఆపలేదు.

"నాకు చేతకాదురా. ఈ కళ్ళతో ఇంకొకళ్ళ పొట్ట కొట్టలేను" అంది.

"నీ కళ్ళకేమీ కాలేదక్కా."

"కాకపోతే ఆ రోజు అలా ఎందుకు జరుగుతుంది?"

అప్పుడైనా చెప్పచ్చు. చెప్పలేదు. నిజం చెప్పకుండానే ఆవిడ కళ్ళు బాగున్నాయని తేలిపోతే చాలుననుకున్నాను. అంత పిరికివాణ్ణి. లేచి దారాల సొరుగు లాగి, ఉండల్ని బోర్లించాను. కత్తిరించిన ముక్కల బుట్టలోంచి ఒక ముక్క తీసి, "దీనికి సరిపోయే దారం తియ్యి" అన్నాను. వద్దంది. బతిమాలాను. విసుగ్గా ఒక ఉండ తీసి పడేసింది. అచ్చంగా అదే రంగు. ఇంకో ముక్క ఇచ్చాను. బూడిదరంగుల్లో ఏడు రకాల దారాలుంటే అందులోంచి ఒకటి తీసింది. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి వెలుగులో చూశాను. దారం ఎక్కడుందో బట్ట ఎక్కడుందో తెలియలేదు. అయిదు ముక్కలిచ్చాను. అయిదూ సరిగ్గా తీసింది.

"చూశావా?" అన్నాను సంబరంగా.

అక్క నవ్వింది. "సరిగ్గా ఉన్నాయని నువ్వు అనకపోతే ఎవరంటార్రా? ఆ రోజు పెద్దాయన అంతలేసి మాటలంటుంటే అడ్డం పడ్డవాడివి నువ్వొక్కడివే. నీకు మొదట్నుంచీ నా మీద జాలి."

అంతే. ఇంక నోట్లో ఆగలేదు.

"చుక్కలు నేనే పెట్టానక్కా" అన్నాను. "నువ్వు వేసినప్పుడు షీటులో చుక్కల్లేవు. నేను రాయడం మరిచిపోయాను. ఆ రోజు పొద్దున్న చూసుకుని, పెన్సిలుతో పెట్టాను. నీ కళ్ళు బాగానే ఉన్నాయి. అప్పుడూ బాగానే ఉన్నాయి. నాకు తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు."

బావ మిషను ఆగిపోయింది. అక్క సూది గుండీలోంచి సగం బయటికి వచ్చి అక్కడే నిలిచిపోయింది. కొడితే బాగుండుననుకున్నాను. చిన్నప్పుడు చెయ్యి కూడా బాగానే చేసుకునేది.

అక్క తల ఎత్తకుండానే మాట్లాడింది. గొంతులో కోపం లేదు.

"ఆ షీటు మూడు వారాలు నా ఎదురుగా గోడకి ఉందిరా. ఒంటికి చుక్కల్లేవేంటని నాకూ అనిపించింది. లేచి దగ్గరికెళ్ళి చూశాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ చూశాను. లేవు. సర్లే, ఈసారి సెల్స్ వేరేగా పేరుస్తున్నారేమో, చూసుకునే రాసుంటాడులే అనుకున్నాను."

సూది పూర్తిగా లాగి, దారం ముడి వేసింది. పళ్ళతో తెంపింది.

"హాల్లో నువ్వు షీటిచ్చినప్పుడు చుక్కలున్నాయి. రెండుసార్లు చూసినా లేనివి అప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చాయి అనుకున్నాను. నీ ముఖం చూశాను. రెండే దారులురా. అవి నువ్వు పెట్టైనా ఉండాలి, నాకు కనబడకైనా పోయుండాలి. నిన్ను అనుకోడానికి మనసు ఒప్పలేదు. అందుకని నా కళ్ళని అనుకున్నాను."

నేను ఏడ్చాను. నా వయసుకి సిగ్గుచేటు, అయినా ఏడ్చాను. బావ లేచి మంచినీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టాడు. ఒక్క హాస్యం కూడా ఆడలేదు. నీళ్ళు పెట్టాక నావైపు చూడకుండా వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు గానీ తొక్కలేదు.

అక్క నన్ను ఓదార్చలేదు. కింద పడి ఉన్న ఉండల్లోంచి ఒకటి, బుట్టలోంచి ఒక ముక్క తీసుకుని గుమ్మంలోకి వెళ్ళింది. ఎండలో పట్టుకుని చూసింది. అది పెట్టేసి ఇంకొకటి తీసుకెళ్ళింది. తర్వాత ఇంకొకటి. అరగంట సేపు ఆ గుమ్మానికీ సొరుగుకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఒకసారి మాత్రం బావ చొక్కా దగ్గర ఆగి, "ఇదేం రంగండీ, ఇలా కుట్టుకున్నారు" అంది. బావ కళ్ళు తుడుచుకున్నాడు.

"మిగతా పదిమందికీ నువ్వే చెప్పాలి" అంది చివరికి, నావైపు తిరక్కుండా. "ఇల్లిల్లూ తిరిగి చెప్పు. అది అయ్యాక నేను వస్తానని ఆ దర్శకురాలికి చెప్పు."

తిరిగాను. పది రోజులు పట్టింది. ఇద్దరు తిట్టారు. ఒకావిడ మాట పూర్తి కాకముందే తలుపు మూసేసింది. ఇంకొకావిడ, ఇప్పుడు ఒక బడిలో వంట చేస్తోంది, గరిటె పట్టుకునే విని, "ఎలాగూ మూసేసేవాళ్ళే కదా బాబూ" అంది. నేను అన్నేళ్ళూ నాకు చెప్పుకున్న మాటే అది. ఆవిడ నోట వింటే నా మీద నాకే అసహ్యం వేసింది.

పదకొండో రోజు అక్క స్టూడియోకి వచ్చింది. కంప్యూటరు గదిలో కిటికీకి ఉన్న నల్ల కాగితం పీకించింది. తెర మీద రంగు ఎండలోకి రాదు కాబట్టి ఎండనే తెర దగ్గరికి రప్పించిందన్నమాట. కంప్యూటరు నడిపే అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఎరుపు కొంచెం తగ్గించమ్మా. ఇంకొంచెం. చాలు. ఇప్పుడు పిల్ల వెనకున్న గోడ రంగు మార్చు. బుగ్గ కాదు, గోడ" అంది. ఆ అమ్మాయి గోడ రంగు మార్చింది. బుగ్గని ముట్టుకోకుండానే పిల్ల ముఖంలోకి నెత్తురొచ్చింది. దర్శకురాలు కుర్చీలోంచి లేచి నిలబడింది. నెల రోజులుగా మేమంతా తప్పు చోట వెతికామన్నమాట. నా గుండె ఉప్పొంగింది. ఆ సంతోషంలో అన్నీ మరిచిపోయి, ఆ రోజు సీను తాలూకు నంబర్ల షీటు తీసుకెళ్ళి, పాత రోజుల్లోలాగే అక్క ముందు పెట్టాను.

అక్క షీటు చేతిలోకి తీసుకుంది. "ఎవరు రాశారు?" అంది.

"నేనేనక్కా."

ఆవిడ ముఖం ఏమీ మారలేదు. షీటుని పక్కనున్న అమ్మాయికి అందించింది.

"బొమ్మలతో పెట్టి ఒకసారి సరిచూడమ్మా" అంది మామూలుగా.

ఆ అమ్మాయి ఒక్కో నంబరూ పైకి చదువుతూ బొమ్మలతో సరిచూసింది. ఎనభై ఆరు నంబర్లు. నేను నిలబడే ఉన్నాను. "అన్నీ కరెక్టేనండీ" అంది చివరికి. "సరే అయితే" అని అక్క పని మొదలుపెట్టింది.

ఆ సినిమా పూర్తవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలల్లో అక్క నన్ను ఒక్క మాట అనలేదు. టీ తాగేటప్పుడు నాకో కప్పు ఉంచేది, నాకు జలుబు చేస్తే మందేసుకున్నావా అని అడిగేది. కానీ నేనిచ్చిన ఒక్క షీటుని కూడా ఇంకొకరు చదవకుండా తన బల్ల మీద పెట్టనివ్వలేదు. తన కళ్ళ సంగతి మాత్రం మళ్ళీ ఎవర్నీ అడగలేదు.